జ్వరాన్ని మోసిన బుట్ట

నేను ఒక ఎలుకల బుట్టను. పేరు వినగానే మొహం చిట్లించకండి. మీ కంచంలోకి వచ్చే మెతుకుల్లో కొన్ని నేను కాపాడినవే. డెల్టాలో వరి పొట్టకు వచ్చే రోజుల్లో ఎలుకలు గట్లు తవ్వి, లేత కంకులను మొదలంటా కొరికేస్తాయి. అప్పుడు రైతులకు మేము గుర్తొస్తాం. కోతలు అయ్యాక మమ్మల్ని ఎక్కడ పెట్టారో మమ్మల్ని అల్లినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

నన్ను అల్లినవాడు పోలయ్య. కాలవ కట్ట మీద యానాదుల పాలెంలో చివరి గుడిసె ఆయనది. వెదురు బద్దలను సన్నగా చీల్చి, తాటి ఈనెలతో కలిపి బుంగలాగా అల్లాడు. మూతి దగ్గర దారంతో ఉచ్చు వేసి, నా వీపు మీద ఒక బద్దను విల్లులాగా వంచి కట్టాడు. లోపల గుప్పెడు వడ్లు ఉంటాయి. ఎలుక తల దూర్చి గింజను లాగిందంటే చిన్న పుల్ల జారుతుంది, విల్లు లేస్తుంది, ఉచ్చు బిగుస్తుంది. అల్లడం పూర్తయ్యాక పోలయ్య తన చిటికెన వేలే నా నోట్లో పెట్టి చూసుకున్నాడు. విల్లు టప్పుమని లేచింది. వేలు విదిలించుకుంటూ, "అబ్బ! ఇది మా ఆవిడ నోరు కంటే గట్టిది," అన్నాడు. ఇంట్లోంచి ఒక చెంబు వచ్చి ఆయన పక్కన పడింది, వెనకే ఆవిడ నవ్వు వినపడింది. నేను ఈ లోకంలో మొదట విన్నది ఆ నవ్వే.

పోలయ్య చూపు మందగించాక నన్ను, నా తోటి బుట్టలను కూతురు తిరపతమ్మకు, అల్లుడు ఏడుకొండలుకు అప్పగించాడు. ఏడుకొండలు పొడుగ్గా, బక్కగా ఉంటాడు. బురదలో కొంగలాగా అడుగు వేస్తాడు. బొరియ ఎక్కడ పాతది, ఎక్కడ కొత్తది, ఎలుక ఏ దారిన వచ్చి ఏ దారిన పోతుంది, గడ్డి నలిగిన తీరు చూసి చెప్పేవాడు. తిరపతమ్మ మాటకారి. దారిలో ఎవరు కనపడినా ఒక ప్రశ్న వేయకుండా వదిలేది కాదు. ఒక్క మొగుడిని మాత్రం ఎక్కువ ప్రశ్నలు అడిగేది కాదు. కారణం ఏమీ లేదు. ఇంటి మనిషి కదా, తెలిసినట్టే ఉంటుంది.

మా పని చూడాలంటే పున్నారావు గారి చేలోకి రావాలి. పొద్దు వాలే వేళ మమ్మల్ని గట్ల వెంట పెట్టిపోతారు, తెల్లారగానే వచ్చి తీస్తారు. పడిన ఎలుకల తోకలు కోసి, గడ్డిపరకతో కట్టగా కట్టి రైతుకు చూపించాలి. పున్నారావు గారు గట్టు మీద తుండుగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి, "దూరం నుంచే చూపించరా, కనపడతాందిలే," అనేవారు. తన పంట తిన్న ఎలుకలంటే కోపం, ఆ ఎలుకలను పట్టిన చేతులంటే అసహ్యం. రెంటినీ ఒకే మొహంలో ఎలా పెట్టుకోగలరో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఉచ్చు బిగిసినప్పుడు భయంతో ఎలుక చేసే చివరి పని ఒకటి ఉంది. నా ఈనెలన్నీ ఆ తడిని తాగినవే. ఆ తడిలో ఎవరుంటారో నాకు చాలా కాలం తెలియదు. ఎలుకకూ తెలియదు. దాని మూత్రపిండాల్లో కంటికి కనపడని ఒక జీవి కాపురం ఉంటుంది. వెంట్రుకను వందల పాయలుగా చీల్చి, అందులో ఒక పాయను మెలితిప్పితే ఎలా ఉంటుందో అలా ఉంటుందట. దాన్ని బాక్టీరియా అంటారని తర్వాత విన్నాను. ఎలుక ఇంట్లో అది మంచి అద్దెదారు. గోడకు మేకు కూడా కొట్టదు. ఎలుకకు జ్వరం రాదు, నొప్పి రాదు. మూత్రంతో పాటు బయటికి వచ్చి బురదలో, నిలవ నీళ్ళలో ఈదుతూ ఇంకో ఇంటి కోసం వెతుక్కుంటుంది.

ఏడుకొండలుకు ఒక అలవాటు ఉండేది. బుట్టను మళ్ళీ సిద్ధం చేసేటప్పుడు ఒక చేత్తో విల్లు వంచి, ఇంకో చేత్తో పుల్ల పట్టుకుని, ఉచ్చు దారాన్ని పళ్ళతో లాగి ముడి బిగించేవాడు. మా బుట్టలోళ్ళందరూ అంతే. రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు మూడో చెయ్యి నోరే కదా. దారం తడిగా ఉంటే పక్కకు ఉమ్మేసేవాడు. అంతకు మించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆ ఏడు తుపాను వాన విడవకుండా కురిసింది. చేలూ కాలవా ఏకమయ్యాయి. బొరియలు మునిగి ఎలుకలన్నీ గట్ల మీదికి చేరాయి. రైతులు పోటీలు పడి ఏడుకొండలును పిలిచారు. మోకాలి లోతు నీళ్ళలో తిరిగి తిరిగి అతని కాలివేళ్ళ సందులు నాని, పాచిపోయి, చీలాయి. ఆ చీలికల్లోంచో, నా దారం ముడి కొరికిన పెదవిలోంచో, ఆ మెలితిరిగిన జీవి అతని ఒంట్లోకి వెళ్ళింది.

లోపలి సంగతులు నేను చూసినవి కావు. తర్వాత డాక్టరమ్మ చెప్పగా విన్నవి. బయట కనపడింది మాత్రం చెబుతాను. ముందు చలి జ్వరం వచ్చింది. తల పగిలిపోతోందన్నాడు. కళ్ళు దుమ్ము పడినట్టు ఎర్రబడ్డాయి. తిరపతమ్మ కాళ్ళు పిసకబోతే పిక్కలు ముట్టనివ్వలేదు.

"అమ్మో, వదలవే! కర్రెట్టి కొట్టినట్టున్నయ్యి."

"నీళ్ళల్లో నానితే ఉండవా మరి? చేప గూడా నీలాగా నానదు," అంది తిరపతమ్మ.

అంగట్లో బిళ్ళలు తెచ్చి మింగాడు. జ్వరం తగ్గింది. ఒకటి రెండు రోజులు లేచి తిరిగాడు కూడా. తగ్గడం మంచిదే అని అందరూ అనుకున్నారు. కానీ అప్పటిదాకా రక్తంలో ఈదుతూ తిరిగిన ఆ జీవులు అవయవాల్లో చోటు చూసుకుంటున్నాయని ఎవరికి తెలుస్తుంది? మూడో పొద్దున ముఖం కడుక్కుని వచ్చిన మొగుడి కళ్ళు చూసి తిరపతమ్మ చెంబు కింద పెట్టేసింది. తెల్లగుడ్లు పసుపు రాసినట్టున్నాయి.

కళ్ళు పచ్చబడితే మా వైపు ఎవరూ ఆలోచించరు. ఆలోచించాల్సిన పని లేకుండానే అందరికీ దారి తెలుసు. కాలవ కట్ట మీద తిన్నగా పోతే నాగులదిబ్బ. అక్కడ వీరాస్వామి గారు ఆదివారం తెల్లవారుజామున కామెర్లకు పసరు పోస్తారు. డబ్బు ముట్టరు. వాళ్ళ తాతల కాలం నుంచి ఆ ఇంట్లో అదొక మొక్కు. ఉప్పు, నూనె, కారం మానాలి. మజ్జిగన్నం తినాలి. అన్నిటికంటే పెద్ద పత్యం ఏమిటంటే, కామెర్లున్న మనిషికి సూది వేయించకూడదు.

"ఇంగిలీసు మందు పడదు. సూదేశారా, మనిషి దక్కడు," అని పాలెంలో ప్రతి గుడిసె చెప్పింది. జ్వరానికి సూదులు వేసే ఆర్ ఎం పీ కూడా ఏడుకొండలు కళ్ళు చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. "ముందు పసరు పోయించుకో ఏడుకొండలూ. పచ్చ దిగినాక రా, బలానికి సెలైన్ పెడతా," అన్నాడు.

ఆదివారం వెళ్ళారు. ఏడుకొండలు నన్ను కూడా వదలలేదు. పసరు తాగి అటునుంచి అటే పున్నారావు గారి చేలోకి పోవచ్చని బుట్టల సంచి సైకిలుకు తగిలించాడు. నడిపింది తిరపతమ్మ. అతను వెనక కూర్చుని సంచిని ఒళ్ళో పెట్టుకున్నాడు. వీరాస్వామి గారు పెద్దాయన, మెత్తని మనిషి. ఏడుకొండలు కనురెప్ప కిందికి లాగి చూసి, "బాగా ముదిరింది నాయనా. మూడు వారాలు రావాలి," అన్నారు. సంచి చూసి, "ఆ మైల సంచి గేటు బయట పెట్టు," అన్నారు. గేటు బయట నుంచి నేను చూస్తూనే ఉన్నాను. పసరు పోసిన చేతికి ఏ పాపమూ తెలియదు. కామెర్లలో చాలా వాటికి ఒళ్ళు తనంతట తానే తేరుకుంటుంది. తేరుకున్నవాళ్ళు పసరుకు దణ్ణం పెడతారు. తేరుకోనివాళ్ళు చెప్పడానికి తిరిగి రారు. అందుకే ఆ గేటు ముందు ఎప్పుడూ సైకిళ్ళు నిలబడే ఉంటాయి.

ఆ తర్వాత ఏడుకొండలు నీరసపడ్డాడు. అయినా ఒప్పుకున్న పని అని ఒకనాటి పొద్దున సంచి భుజాన వేసుకుని బయలుదేరాడు. తిరపతమ్మ వెనకే నడిచింది. కాలవ మలుపు దగ్గర కూలబడ్డాడు. వాంతి చేసుకున్నాడు. ఉమ్మిలో ఎర్రని చార కనపడింది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. తిరపతమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"మామా, నువ్వు ఒంటేలికి ఎప్పుడు పోయావు?"

"ఏందే ఆ మాటలు దారిలో!"

"సెప్పు. నిన్న పోలా. మొన్న గూడా నువ్వు గుడిసె ఎనక్కి పోంగా నేను సూళ్ళా."

"తాగితే గదే పోయేది," అన్నాడు. ఆ మాట అనడానికే ఆయాసపడ్డాడు.

"సెంబులు సెంబులు మజ్జిగ తాగావు. ఏడికి పోయింది అదంతా?"

అప్పుడే చేపల ట్రేలు దించి పట్నం పోతున్న ఆటో వచ్చింది. తిరపతమ్మ రోడ్డుకు అడ్డంగా నిలబడింది. ఏడుకొండలు ఒద్దన్నాడు. "సూదేస్తారే. సచ్చిపోతానే," అన్నాడు. పొడుగాటి మనిషి, చిన్న పిల్లాడి గొంతు. తిరపతమ్మ అతని చంకల కింద చేతులు వేసి లేపి, "పసరు నువ్వడిగినట్టే పోయించా. ఇప్పుడు నేనడిగింది నువ్వు సెయ్యి," అంది. సంచిని వదిలేస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని దాన్నీ ఆటోలో పడేసింది. అందరూ చెప్పిన మాటే నిజమైతే మొగుణ్ణి తన చేత్తో తానే చంపుకున్నట్టు అవుతుంది. దారంతా ఆ భయాన్ని నోట్లో పెట్టుకుని కూర్చుంది.

పెద్దాసుపత్రిలో మమ్మల్ని మొదట పలకరించింది గుమ్మం దగ్గర కాపలా మనిషి. "ఇదేమన్నా సంతనుకున్నావా? ఆ మూట తియ్యి," అన్నాడు. సంచి తెరుచుకుని నేను నేల మీదికి దొర్లాను. గుమ్మం లోపలే స్ట్రెచర్ మీద పడుకోబెట్టిన ఏడుకొండలు పొట్టను డాక్టర్ హసీనా అప్పటికే నొక్కి చూస్తోంది. చిన్న వయసు, నిద్ర లేని కళ్ళు.

"మందు తాగుతాడా?"

"పండక్కో పబ్బానికో కల్లు తాగుతాడమ్మా."

డాక్టరమ్మ తల ఊపింది. పచ్చ కళ్ళు, తాగుడు అంటే వాళ్ళకూ ఒక తెలిసిన దారి ఉంటుంది. ఆ దారిన రెండడుగులు వేసి, నా వైపు చూసింది.

"అవేం బుట్టలమ్మా?"

"ఎలకల బుట్టలమ్మా. మా పని అదే."

డాక్టరమ్మ కలం జేబులో పెట్టేసింది. ఏడుకొండలు దగ్గరికి వెనక్కి వచ్చి అతని పిక్కను మెల్లగా నొక్కింది. అతను అరిచాడు. కాలివేళ్ళు విడదీసి చూసింది. "కళ్ళు ముందు ఎర్రబడ్డాయా? ఒంటికి ఎప్పుడు వెళ్ళాడు?" తిరపతమ్మ ఆ రెండో ప్రశ్న వినగానే భోరుమంది. తను అడిగిన మాటే ఇంకొకరు అడిగారు.

"సిస్టర్, రక్తం తీయండి. రిపోర్టు కోసం ఆగొద్దు, పెన్సిలిన్ ఇప్పుడే మొదలుపెడదాం. డయాలసిస్ వాళ్ళకు ఫోన్ చేయండి. ఇది ఎలుక జ్వరం."

సూది దిగేటప్పుడు తిరపతమ్మ గోడ వైపు తిరిగింది. సూది దిగింది. మనిషి ఉన్నాడు. ఆవిడ మెల్లగా ఇటు తిరిగి, నమ్మలేనట్టు అతని ఛాతీ లేచి పడటం చూస్తూ నిలబడింది.

మమ్మల్ని ప్లాస్టిక్ సంచిలో కట్టి వార్డు తలుపుకు ఎదురుగా ఉన్న బెంచీ కింద పెట్టించారు. అక్కడే డాక్టరమ్మ తిరపతమ్మను కూర్చోబెట్టి చెప్పింది. "మీ ఇంటి తడికకు కట్లు ఊడితే ఏమవుతుంది?"

"వాన లోపలికొస్తదమ్మా."

"ఈ క్రిమి అదే చేస్తుంది. ఒంట్లో సన్నటి రక్తనాళాలుంటాయి. వాటి గోడల్లో ఒక్కో కణం ఒక్కో బద్ద అనుకో. ఇది బద్దల్ని విరవదు, మధ్య కట్లను వదులు చేస్తుంది. అప్పుడు నాళాల్లోంచి నీరు, రక్తం కారతాయి. ఊపిరితిత్తుల్లో కారితే ఉమ్మిలో ఎరుపు కనపడుతుంది. కాలేయంలో కట్లు ఊడితే పైత్యం పోవాల్సిన దారిన పోకుండా రక్తంలోకి పొంగుతుంది. అందుకే కళ్ళు పచ్చబడ్డాయి. మూత్రపిండాల్లో సన్నటి గొట్టాలు దెబ్బతింటే చెడు నీరు బయటికి పోదు. మీ ఆయనను చంపబోయింది ఆ పచ్చ కాదమ్మా, ఈ ఆగిపోవడం."

ఇంకా చెప్పింది. క్రిములన్నీ ఒకేలా హాని చేయవట. కొన్ని గొంతులోనో పేగులోనో కూర్చుని విషం కక్కుతాయి. కలరా క్రిమి పేగు గోడ దాటకుండానే ఒంట్లో నీళ్ళన్నీ తోడి పారబోయిస్తుంది. ధనుర్వాతం క్రిమి పుండు వదిలి కదలదు, దాని విషమే నరాలదాకా పోయి కండరాలను కొయ్యబారుస్తుంది. కొన్నిసార్లు క్రిమి చేసే నష్టం కంటే దాన్ని తరమబోయి ఒళ్ళు చేసుకునే నష్టమే ఎక్కువట. ఈ మాట విని నాకు పున్నారావు గారు గుర్తొచ్చారు. ఒకసారి ఎలుకల మీద కోపంతో గట్టంతా తవ్వించి, చేలో నీళ్ళన్నీ కాలవపాలు చేసుకున్నారు.

"మరి ఎలకెందుకు సావదమ్మా?" అని అడిగింది తిరపతమ్మ.

"అవి రెండూ కలిసి బతకడం ఎప్పుడో నేర్చుకున్నాయి. మన ఒళ్ళు దానికి కొత్త ఇల్లు."

ఏడుకొండలు రక్తాన్ని మిషను కడగడం మొదలుపెట్టింది. మందు క్రిమిని చంపుతుంది కానీ మూత్రపిండాలను లేపలేదని, అవి వాటంతట అవి లేవాలని, లేస్తాయో లేదో చూడాలని డాక్టరమ్మ చెప్పింది. ఇక అక్కడ అందరూ ఎదురుచూసింది ఒక్కదాని కోసమే. మంచం పక్కన గొట్టం చివర ఒక ఖాళీ సంచి వేలాడుతోంది. తిరపతమ్మ కూర్చుంటే దాని వైపు, నిలబడితే దాని వైపు. పక్క మంచం ముసలమ్మ, "పిల్లాడి కోసం ఉయ్యాల చూసినట్టు చూస్తాందమ్మా ఇది," అని జాలిపడింది. మిషను ఒకసారి కడిగింది, మళ్ళీ కడిగింది. సంచి ఖాళీగానే ఉంది. తిరపతమ్మ డాక్టరమ్మను ప్రశ్నలు అడగడం కూడా మానేసింది.

ఒక మధ్యాహ్నం వార్డులోంచి అరుపు వినపడింది.

"వచ్చిందమ్మా! ఒంటేలొచ్చింది! సూడండి, గొట్టంలో దిగతాంది!"

సిస్టరు పరుగెత్తింది. ముసలమ్మ మంచం మీద లేచి కూర్చుంది. కాపలా మనిషి కూడా తొంగిచూశాడు. డాక్టరమ్మ వంగి సంచిని పరీక్షగా చూసి, నవ్వింది. చెంచాడు కూడా లేదు, ముదురు టీ రంగులో ఉంది. అదే చాలంది డాక్టరమ్మ. మనుషులు ఆనందపడే సంగతులు చాలా విన్నాను కానీ, వార్డంతా కలిసి దీనికి సంతోషించడం మాత్రం మళ్ళీ ఎక్కడా వినలేదు. ఏడుకొండలు కళ్ళు తెరిచి, "ఊరంతా సాటావుగా," అన్నాడు. తర్వాత సంచి నిండటం మొదలైంది.

మేం ఇంటికి వచ్చాక డాక్టరమ్మ చెప్పినట్టు బుట్టలన్నిటినీ బ్లీచింగు నీళ్ళలో ముంచి, ఎర్రటి ఎండలో ఆరబెట్టారు. ఎండితే ఆ జీవి బతకదట. నేను కూడా సగం చచ్చాను. నా వీపు మీది విల్లు నెర్రెలిచ్చి, వంచితే పుటుక్కుమంది. నన్ను చూరులో దోపారు. నా బదులు కొత్త బుట్టలు అల్లారు. ఏడుకొండలు ఇప్పుడు రబ్బరు బూట్లు వేసుకుని, వానాకాలంలో ఆ జ్వరం మళ్ళీ రాకుండా వారం వారం ఒక బిళ్ళ మింగి, చేలోకి పోతాడు. ముడి వేళ్ళతో బిగిస్తాడు. మూడో చెయ్యి లేక చాలాసేపు తంటాలు పడతాడు. పున్నారావు గారి తుండుగుడ్డ ముక్కు మీదే ఉంది కానీ, ఆయన కాళ్ళకూ ఇప్పుడు బూట్లు వచ్చాయి.

చూరులోంచి నాకు కాలవ కట్ట మీద రోడ్డు కనపడుతుంది. ఆదివారం పొద్దున్నే పచ్చ కళ్ళతో నాగులదిబ్బ పోయేవాళ్ళు ఆ దారినే పోతారు. తిరపతమ్మ గుడిసె ముందు కూర్చుని వెదురు చీరుతూ ప్రతివాణ్ణీ ఆపుతుంది.

"అన్నా, కామెర్లా? జొరమొచ్చిందా ముందు? ఒంటేలు వస్తాందా?"

కొందరు నవ్వుతారు. కొందరు తిడతారు. ఏడుకొండలుకు మహా సిగ్గు.

"దారినపొయ్యే మగోళ్ళనా అడిగేది? పరువు తియ్యమాకే!"

"నిన్నడగటానికి ఆలీసం సేశా గదా. ఏమైందో సూళ్ళా?"

మొన్న ఆదివారం ఒక అమ్మాయి స్కూటరు మీద తండ్రిని ఎక్కించుకుని వచ్చింది. తిరపతమ్మ అడగగానే పెద్దాయన మండిపడ్డాడు. "సిగ్గూ శరం లేదా? పోనియ్యి అమ్మాయ్!" స్కూటరు కదిలింది. పది బారలు పోయి ఆగింది. అమ్మాయి వెనక్కి తిరిగి తండ్రిని ఏదో అడిగింది. ఆయన కాలవ వైపు చూశాడు. ఆమె మళ్ళీ అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. స్కూటరు మెల్లగా తిరిగి, మా గుడిసె ముందు నుంచే, పట్నం వైపు వెళ్ళింది.

ఏడుకొండలు ఆ దుమ్ము తగ్గేదాకా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత బూట్లు విడిచి గుడిసె వెనక్కి నడిచాడు. తిరపతమ్మ వెదురు చీరడం ఆపి, కత్తి అలాగే పట్టుకుని, చెవి ఒగ్గింది. వెనక నుంచి ఆ చప్పుడు సన్నగా వినపడ్డాక, తల వంచుకుని మళ్ళీ బద్ద చీరడం మొదలుపెట్టింది.